ఆరో గెలుపు

ఆల్విన్ స్వబోడా తూచిన బండిని ప్లమ్ ఫోర్క్‌లో రెండోసారి తూయించినవాళ్ళు లేరు. ఊరి చివర ధాన్యం గోదాములో ముప్ఫై నాలుగేళ్ళుగా కాటా అతని చేతిలోనే ఉంది. మొక్కజొన్న లారీ కాటా ఎక్కాక ఆల్విన్ ఏ అంకె చెబితే ఆ అంకె రాసుకుని పోవడమే రైతుల పని. అతనికీ తన మీద తనకి ఆ మాత్రం గురి ఉండేది. ఆ గురి కాస్త ఎక్కువైందని అతని భార్య మార్లిస్ అంటుండేది గానీ, భార్యలు అలాంటివి అంటూనే ఉంటారని అతను పట్టించుకునేవాడు కాదు.

శనివారాల్లో అదే మనిషి కాలేజీ మైదానంలో అమెరికన్ ఫుట్‌బాల్ ఆటకి దూరం కొలిచే గొలుసు దగ్గర ఉండేవాడు. పది గజాల గొలుసు, రెండు చివరల రెండు కర్రలు. బంతి చేతిలో ఉన్న జట్టు నాలుగు ప్రయత్నాల్లో పది గజాలు దాటితే మళ్ళీ నాలుగు వస్తాయి, లేకపోతే బంతి అవతలివాళ్ళకి పోతుంది. కర్రలు పట్టేది వేరే ఇద్దరు. ఆల్విన్ పని క్లిప్పు. గొలుసు ఏ తెల్లగీతని దాటుతోందో చూసి, సరిగ్గా ఆ గీత వెనక అంచు దగ్గర గొలుసుకి క్లిప్పు బిగించాలి. బంతి దాటిందో లేదో తేలనప్పుడు గొలుసుని మైదానం మధ్యకి మోసుకుపోయి, క్లిప్పుని అదే గీత వెనక అంచుకే ఆనించి లాగితే, ముందు కర్ర ఉండాల్సిన చోట నిలబడుతుంది. గీత వెడల్పు నాలుగంగుళాలు. ఇరవై ఏడేళ్ళలో ఆ నాలుగంగుళాల దగ్గర ఆల్విన్ చెయ్యి ఒక్కసారీ తడబడలేదు.

గొలుసు పట్టేవాళ్ళు నిలబడేది అవతలి జట్టు పక్కన. అక్కడ నోరెత్తకూడదు. ఎవరి తరఫునా ఒక్క మాట అనకూడదు. అది ఆల్విన్‌కి కొంచెం కష్టంగానే ఉండేది, ఎందుకంటే ఐదేళ్ళుగా అతనికి తమ జట్టు హెడ్ కోచ్ రే టిల్‌ఫోర్డ్‌ని చూస్తే ఒళ్ళు మండేది.

టిల్‌ఫోర్డ్ వచ్చి ఐదేళ్ళు. మొదటి నాలుగేళ్ళలో పంతొమ్మిది గెలిచి ఇరవై ఒకటి ఓడాడు. అరవడు, టోపీ విసిరికొట్టడు. నాలుగో ప్రయత్నంలో బంతి దూరంగా తన్నేసి ఊపిరి పీల్చుకోవాల్సిన చోట ముందుకే పొమ్మంటాడు. మంచి ఆటగాణ్ణి కూర్చోబెట్టి ఎవడూ పేరెరగని వాణ్ణి దింపుతాడు. గోదాములో కాఫీ దగ్గర చేరిన రైతులకి ఆల్విన్ ఈ తప్పులన్నీ లారీ లారీకీ వినిపించేవాడు. ఆగస్టులో కాలేజీ క్రీడల అధికారి క్యారల్ పెన్నర్, ఈ కోచ్‌ని ఉంచాలా పంపాలా తేల్చమని ఊళ్ళోంచి ఐదుగురిని కూర్చోబెట్టింది. ఆ ఐదుగురు ఏది చెబితే కాలేజీ ప్రెసిడెంటు అదే చేస్తారని చెప్పింది. వాళ్ళలో ఆల్విన్ ఒకడు.

మొదటి రోజే రిటైరైన ప్రొఫెసరమ్మ ఇడా బెక్‌మన్ కుర్రాళ్ళ చదువుల గురించీ, కాలేజీ పాస్టరు వాళ్ళ నడవడి గురించీ మొదలెట్టబోతే, ఆల్విన్ అడ్డం పడ్డాడు.

"లారీలో ఎంత బరువుందయ్యా అంటే డ్రైవరు మంచోడని చెప్తామా? అంకె చెప్తాం. ఈ ఏడు పది ఆటలు. ఆరు గెలిస్తే ఉంటాడు. ఐదైతే పోతాడు. అంతే."

ట్రాక్టర్లమ్మే వెర్న్ పోకర్నీ బల్ల చరిచాడు. "అది మాటంటే. రాసుకో క్యారల్." పళ్ళ డాక్టరు తలూపాడు. ఆరు అన్న అంకె ఆ రోజు ఆల్విన్ నోటినుంచే వచ్చింది.

నవంబరు రెండో శనివారానికి లెక్క ఐదు గెలుపులు, నాలుగు ఓటముల దగ్గర నిలిచింది. ఆఖరి ఆట డోర్సీ కాలేజీతో. రాత్రి మంచు కురిసి మైదానం ఇంకా చెమ్మగా ఉంది. చివరి ఐదు నిమిషాల్లో డోర్సీ ఇరవై, ప్లమ్ ఫోర్క్ పదిహేడు. బంతి మనవాళ్ళ చేతికొచ్చింది. కర్రలు పాతారు, ఆల్విన్ క్లిప్పు పట్టుకుని వంగబోయాడు. సరిగ్గా అప్పుడే మైదానం అవతల టిల్‌ఫోర్డ్ తన పెద్ద ఆటగాణ్ణి బయటికి పిలిచి టైరెల్ మాథిస్ అనే రెండో ఏడు కుర్రాణ్ణి దింపడం కనిపించింది. ఆల్విన్‌కి కడుపు మండిపోయింది. పక్కనే ఉన్న డోర్సీ సహాయ కోచ్ వైపు తిరిగి, అనకూడని మాట అన్నాడు.

"చూడండి మావోడి తెలివి. ఇల్లు తగలబడుతుంటే నీళ్ళ బకెట్టు పక్కన పెట్టి చెంబు తీసుకున్నాడు."

ఆ మనిషి పెద్దగా నవ్వాడు. ఆల్విన్ కూడా నవ్వుతూనే మోకాలు వంచి క్లిప్పు బిగించాడు.

మూడు ప్రయత్నాలు అయ్యేసరికి ఇంకో గజం మిగిలింది. నాలుగోది. టిల్‌ఫోర్డ్ ఎప్పటిలాగే ముందుకే పొమ్మన్నాడు. మాథిస్ బంతి పట్టుకుని మనుషుల గుట్టలోకి దూరాడు. గుట్ట విడిపోయాక బంతి ఎక్కడుందో చూసి, కొలవమని రిఫరీ చెయ్యి ఊపాడు. గొలుసు మధ్యకి వెళ్ళింది. ఆల్విన్ గీత వెనక అంచుకి క్లిప్పు ఆనించాడు, ముందు కర్ర లాగారు. కోలగా ఉండే ఆ బంతి ముక్కు కర్రని రెండు వేళ్ళ మేర దాటింది. మనవాళ్ళ పక్క జనమంతా లేచి అరిచారు.

గొలుసు మోసుకుంటూ వెనక్కి వస్తుంటే ఆల్విన్ తన మోకాలు చూసుకున్నాడు. ప్యాంటు మీద తెల్లరంగు పట్టీ ఉంది. గీత వెనక వంగితే మోకాలికి అంటేది గడ్డి, రంగు కాదు. నవ్వుతూ వంగినప్పుడు అతను గీత మీదే మోకాలు పెట్టి, ముందు అంచుకి క్లిప్పు బిగించాడు. కొలిచేటప్పుడు అలవాటు కొద్దీ వెనక అంచుకి ఆనించాడు. కర్ర నాలుగంగుళాలు వెనకే ఆగిపోయింది. దాటిందనుకున్న బంతి నిజానికి దాటలేదు. ఆ బంతి డోర్సీ వాళ్ళది.

అప్పటికింకా తర్వాతి ప్రయత్నం మొదలవలేదు. రిఫరీ పది అడుగుల దూరంలో నిలబడి ఉన్నాడు. ఒక్క మాట చెబితే మళ్ళీ కొలిచేవాడు. చెబితే ఇరవై ఏడేళ్ళ పేరు ఈ జనం ముందు గంగలో కలుస్తుంది. బంతి మళ్ళీ కదలడానికి ఉన్న ఇరవై సెకన్లూ ఆల్విన్ మోకాలి మీది రంగు దులుపుకుంటూ గడిపాడు. బంతి కదిలింది, ఇక నిబంధన ప్రకారం జరిగిందే ఖాయం. ఇంకో ఐదు ప్రయత్నాల తర్వాత మాథిస్ బంతితో మైదానం చివరి గీత దాటాడు, ఏడు పాయింట్లు వచ్చాయి. ఇరవై నాలుగు, ఇరవై. టిల్‌ఫోర్డ్‌కి ఆరో గెలుపు దక్కింది.

ఆ సాయంత్రం చర్చి హాల్లో చిల్లీ అనే మాంసం కూర, దాల్చినచెక్క రోల్సు పెట్టారు. పోకర్నీ కంచం పట్టుకుని వచ్చి పక్కన కూర్చున్నాడు.

"నీ ఆరు నీ కొంపే ముంచింది కదరా. ఇంకో నాలుగేళ్ళు ఆ మూగోణ్ణి భరించాలి మనం. రెండు వేళ్ళు! ఆ బంతి రెండు వేళ్ళు వెనక్కుంటే పీడా పోయేది."

ఆల్విన్ చెంచా కింద పెట్టేశాడు. ఇంటికెళ్ళాక మార్లిస్‌కి చెప్పాడు. ఆమె అంతా విని, ఉతకడానికి పెట్టిన ప్యాంటు తీసి మోకాలు చూసింది.

"ఎవరికి చెప్తావు?" అంది.

"అదే తేలట్లా. చెప్తే ఆ మనిషి ఉద్యోగం పోతుంది. నేను పోవాలనే కోరుకున్నా. ఇప్పుడు నేను చెప్తే, పొగబెట్టడానికి అబద్ధం చెప్పాడంటారు. చెప్పకపోతే దొంగతూకం."

"ఎవరేమంటారో వదిలెయ్. ముందు ఎవరికి అన్యాయం చేశావో వాడి దగ్గరికెళ్ళు."

"అన్యాయం చేసింది డోర్సీకి. ఈయనకి మేలే చేశాను."

"మేలో కాదో ఆయన్నే అడుగు," అంది మార్లిస్.

సోమవారం మధ్యాహ్నం కాటా ఇంకొకరికి అప్పజెప్పి ఆల్విన్ కాలేజీకి వెళ్ళాడు. ఐదేళ్ళుగా తిడుతున్న మనిషి గదిలోకి అడుగు పెట్టడం అదే మొదటిసారి. గోడకి కప్పులూ లేవు, పతకాలూ లేవు. ఒక పెద్ద తెర, దాని ముందు కాగితాల కట్టలు. టిల్‌ఫోర్డ్ కళ్ళజోడు నుదుటి మీదికి తోసి లేచాడు.

"రండి స్వబోడా గారూ. కూర్చోండి."

"కూర్చోను కోచ్. ఒక మాట చెప్పి పోతా. శనివారం ఆ కొలత తప్పు. క్లిప్పు నేను ముందు అంచుకి పెట్టా. మీవాడు దాటలేదు."

టిల్‌ఫోర్డ్ ఆశ్చర్యపోలేదు. ఒక కాగితం తీసి ముందుకి జరిపాడు. ఆటలో ప్రతి కదలికకీ ప్రతి కుర్రాడికీ ఒక గుర్తు వేసి ఉంది. సరిగ్గా చేసినవాడికి కూడిక, చెయ్యనివాడికి అడ్డుగీత. ఆ నాలుగో ప్రయత్నం వరసలో మాథిస్ పేరుకెదురుగా అడ్డుగీత ఉంది. పక్కన చిన్న అక్షరాలతో 'అందలేదు, రెండున్నర అంగుళాలు' అని రాసి ఉంది. అడుగున కోచ్ తన పేరు కూడా రాసుకుని, ఆ వరసలో తనకీ ఒక అడ్డుగీత పెట్టుకున్నాడు.

"మీకు తెలుసా?" అన్నాడు ఆల్విన్.

"కెమెరా ఎదురుగానే ఉంటుంది కదా. క్లిప్పు ఎర్రగా, గీత తెల్లగా కనిపిస్తున్నాయి. ఆదివారం పొద్దున చూశా."

"చూసి?"

"ఒక గంట ఆ బొమ్మ ఆపి దానివైపే చూస్తూ కూర్చున్నా." టిల్‌ఫోర్డ్ మెడ రుద్దుకున్నాడు. "అబద్ధమెందుకు, ఎవరికీ చెప్పకూడదనుకున్నా. మా చిన్నదానికి ఈ ఊరి బడి ఇప్పుడిప్పుడే అలవాటవుతోంది. ఇంకో ఊరు, ఇంకో ఇల్లు అంటే ఏడుస్తుంది. ఆ తర్వాత మాథిస్‌ని చూశా. వాడు అక్కడ తలెత్తి పరిగెత్తాడు. తలెత్తితే అంగుళాలు పోతాయి నాన్నా అని ఏడాదిగా నోరు పడిపోయేట్టు చెప్తున్నా. ఈ గెలుపు నేను జేబులో వేసుకుంటే, రేపు వాడికి చెప్పడానికి నా దగ్గర ఇంకేం మిగులుతుంది?"

"అందుకని?"

"మధ్యాహ్నం అందర్నీ ఇక్కడే కూర్చోబెట్టి చూపించా. మనం దాటలేదు, కొలతలో తేడా వచ్చింది అని చెప్పా. ఒకడు, అయితే మనం ఓడిపోయామా అన్నాడు. బోర్డు మీద గెలిచాం, ఇక్కడ గెలవలేదు, నేను మార్కులేసేది ఇక్కడ చూసి అని చెప్పా. మాథిస్ ఏడ్చాడు. ఇవాళ పొద్దున ఆరింటికే వచ్చి తల దించి పరిగెత్తడం సాధన చేస్తున్నాడు. ఆటలన్నీ అయిపోయాక కూడా."

ఆల్విన్ కుర్చీలో కూర్చున్నాడు. కూర్చోనన్న సంగతి అతనికి గుర్తులేదు.

"పెన్నర్‌కి చెప్పారా?"

"నిన్ననే చెప్పా. ఫలితం ఎలాగూ మారదు, ఊళ్ళో పెట్టకు అంది. పెడితే స్వబోడా గారి కాటాని ఇక ఎవరూ నమ్మరు, ఆయనకి ఉన్నదల్లా ఆ పేరే అంది. నాకూ నిజమే అనిపించింది. మీ పేరు కుర్రాళ్ళ దగ్గర కూడా ఎత్తలేదు."

ఆల్విన్ ముఖం జేవురించింది. ఐదేళ్ళు కాఫీ గిన్నె దగ్గర నిలబడి ఈ మనిషిని ఎన్ని మాటలన్నాడు. ఆ మాటలన్నీ ఈ గదిదాకా చేరే ఉంటాయి, చిన్న ఊరు కదా. అయినా తన పేరు కాపాడింది ఇతనే. సిగ్గుతో అతనికి తల తీసేసినట్టయింది.

"గురువారం కమిటీలో చెప్తాను," అన్నాడు.

టిల్‌ఫోర్డ్ ఆ కాగితాన్ని మళ్ళీ కట్టలో పెట్టాడు. "చెప్తే అంకె ఐదవుతుంది. ఆ లెక్క మీరు పెట్టిందే."

"తెలుసు."

"మీ కాటా?"

"నా కాటా సంగతి నేను చూసుకుంటా. మీరు వద్దన్నా ఆగను, ముందే చెప్తున్నా."

"వద్దనను," అన్నాడు టిల్‌ఫోర్డ్. కళ్ళజోడు మళ్ళీ కిందికి దింపుకున్నాడు. "చెప్పండి."

గుమ్మం దాకా వెళ్ళి ఆల్విన్ వెనక్కి తిరిగాడు. "మూడో క్వార్టర్లో అవతలి పక్కకి విసిరించిన ఆ పాస్ మాత్రం తెలివితక్కువ పనే కోచ్."

"దానికి నాకు రెండు అడ్డుగీతలున్నాయి. చూస్తారా?" అన్నాడు టిల్‌ఫోర్డ్.

గురువారం మధ్యాహ్నం లైబ్రరీ గదిలో ఐదుగురూ కూర్చున్నారు. పెన్నర్ కాగితం తీసి, ఆరు గెలుపులు వచ్చాయి కాబట్టి కోచ్‌ని ఉంచుదామని రాసేద్దామా అంది. పోకర్నీ పెదవి విరిచాడు. ఆల్విన్ లేచి నిలబడ్డాడు. మూడు రోజులుగా గోదాములో ప్రతి లారీకీ మధ్య ఈ మాటలే కూర్చుకున్నాడు. తీరా లేచేసరికి వాటిలో సగం గుర్తు రాలేదు. మిగిలినవే చెప్పాడు. మోకాలు, రంగు, గీత, ఇరవై సెకన్లు. అవతలి పక్క మనిషితో ఏమని నవ్వాడో అది కూడా దాచలేదు.

పెన్నర్ పెన్ను కింద పెట్టింది. "ఆల్విన్, ఇది ఇక్కడితో వదిలెయ్యొచ్చు," అంది మెల్లగా.

"వదలను. ఆరు కొట్టేసి ఐదు రాయి."

పోకర్నీ తేరుకుని వీపు నిటారుగా పెట్టాడు. "సరే. తప్పు ఒప్పుకున్నావు, మగాడివి. ఇంకేం, నీ లెక్క ప్రకారమే ఐదైతే పోతాడు. కాగితం ఇటియ్ క్యారల్, సంతకం పెడతా."

"ఐదని రాయమన్నా. పోతాడని అన్లేదు. నా ఓటు ఉంచమని."

"నీకు మతి పోయిందా? ఐదేళ్ళు ఆయన పనికిరాడని మా చెవులు చిల్లులు పడేట్టు చెప్పింది నువ్వే. మొన్నటిదాకా ఆరు గెలిస్తే తప్ప ఉండకూడదన్నావు. ఇప్పుడు ఒకటి తగ్గాక మంచోడైపోయాడా?"

"అవును. ఒకటి తగ్గాకే."

పళ్ళ డాక్టరు నవ్వాపుకోలేక దగ్గాడు. ఆల్విన్ అటు చూడలేదు.

"నాకు బరువు తప్ప ఇంకోటి తూచడం రాదు వెర్న్. అందుకే ఆరన్నా. బోర్డు మీద ఎంతుందో చూడ్డం తేలిక, లారీ ఎక్కించి అంకె చదివినట్టే. కానీ ఈయన పని ఆ కుర్రాళ్ళకి నేర్పడం. ఆదివారం ఏం జరిగిందో విను. తన ఉద్యోగం నిలబెట్టే గెలుపు చేతిలో ఉంది. తప్పు తనది కాదు. ఒక్కరికీ తెలీదు. అయినా తీసుకెళ్ళి పిల్లల ముందు పెట్టి, ఇది మనది కాదురా, నువ్వు తలెత్తావు, అందుకే అందలేదు అని చెప్పాడు. నాకూ అదే తప్పు చేతిలో ఉంది, నాకు ఇరవై సెకన్లున్నాయి. నేను ప్యాంటు దులుపుకున్నా. అరవై మూడేళ్ళొచ్చాయి నాకు. నాకెవరైనా ఇలాంటోడు పందొమ్మిదేళ్ళప్పుడు నేర్పుంటే, శనివారం నా నోరు పెగిలేదేమో."

ఇడా బెక్‌మన్ కళ్ళజోడు తుడుచుకుంది. పాస్టరు బల్ల వైపే చూస్తున్నాడు.

"ఆటలు ఓడతాడు," అన్నాడు పోకర్నీ. అతని గొంతులో ఇందాకటి బిగువు లేదు గానీ, మాట మాత్రం వదల్లేదు. "ఊరికి గెలుపు కావాలి ఆల్విన్. నా కొట్లోకి వచ్చేవాళ్ళు నన్ను అంగుళాల గురించి అడగరు."

"ఓడతాడు. వచ్చే ఏడు కూడా కొన్ని ఓడతాడు. కొన్ని తెలివితక్కువగా ఓడతాడు, అది ఆయనకీ తెలుసు. నా ఓటు మారదు."

పెన్నర్ ఇద్దరి వైపూ చూసి, "గొలుసు సంగతి కూడా తేల్చాలి. వచ్చే ఏడు నిన్ను క్లిప్పు దగ్గర ఉంచలేను ఆల్విన్," అంది. చెప్పడం ఆమెకీ కష్టంగానే ఉంది.

"ఉంచుతానన్నా నేనే ఒప్పుకోను. అయిందా? ఓట్లు అడుగు."

"ఇంకో మాట," అన్నాడు పోకర్నీ. "ఇది రేపటికల్లా ఊరంతా తెలుస్తుంది. నేనే చెప్తా. నా పొలం మొక్కజొన్న ఇక నీ కాటా ఎక్కదు."

అది ఆల్విన్‌కి తగలాల్సిన చోటే తగిలింది. ముప్ఫై నాలుగేళ్ళలో ఆ మాట అతనితో ఎవరూ అనలేదు. కుర్చీ వీపు గట్టిగా పట్టుకున్నాడు.

"పక్క ఊళ్ళో తూయించుకో, తప్పులేదు. నువ్వు చెప్పక్కర్లేదు కూడా. రేపు పొద్దున కాఫీ దగ్గర నేనే చెప్తున్నా. ఇప్పుడు చెయ్యెత్తుతావో లేదో అది చెప్పు."

పోకర్నీ చేతులు కట్టుకుని కూర్చున్నాడు. కోచ్‌ని ఉంచాలన్నవాళ్ళు చెయ్యెత్తమంది పెన్నర్. ఆల్విన్ చెయ్యి అందరికంటే ముందు లేచింది. ఇడా బెక్‌మన్ చెయ్యి లేచింది. పళ్ళ డాక్టరు కిటికీలోంచి బయటికి చూస్తూ కదలకుండా ఉన్నాడు. పాస్టరు చాలాసేపు ఆగాడు. అందరూ ఇక అయిపోయిందనుకున్నాక, బల్ల కింది నుంచి మెల్లగా అతని చెయ్యి పైకి వచ్చింది.

"మూడు," అంది పెన్నర్, రాసుకోబోతూ.

"ఆగు," అన్నాడు ఆల్విన్. ఎత్తిన చెయ్యి దించకుండానే లేచిన చేతుల్ని వేలుపెట్టి ఒక్కొక్కటే లెక్కపెట్టాడు. మళ్ళీ మొదటి నుంచి ఇంకోసారి లెక్కపెట్టాడు.

"మూడే. ఇప్పుడు రాయి."